పట్టుపురుగుల ఊళ్ళో మా చెల్లి ఉపవాసం

మా బాపట్లలో ఎవరైనా ఊరు విడిచి వెళ్ళొచ్చారంటే చర్చి మెట్ల దగ్గర పట్టుకుని ముందు ఏం తిన్నావని అడుగుతారు. తర్వాత ఏం కొన్నావని అడుగుతారు. అందరూ చెప్పులు వేసుకుని బయలుదేరుతుండగా, గుర్తొస్తే, వెళ్ళిన చోట ఎవరికి ఎలా ఉందని అడుగుతారు. నేను వెళ్ళొచ్చింది కర్ణాటకలో చిక్కబళ్ళాపురం వైపు. అటు ఎవరూ వెళ్ళలేదు కాబట్టి అందరికీ కుతూహలమే. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. నేను నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే తప్ప కళ్ళనీళ్ళు పెట్టించడం నాకు చేతకాదు.

వెళ్ళడానికి కారణం మా చెల్లెలు సలోమి. దాన్ని ఎప్పుడో ఆ వైపు ఇచ్చాం. జంగమకోటె దాటాక ఒక పల్లెలో పట్టుపురుగులు పెంచుకునే కుటుంబం. సెల్‌ఫోన్లు పల్లెల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. పక్కింటివాళ్ళ ఫోన్‌లో మాట్లాడుతూ, "అక్కా, ఈయప్పకి గొంతు పోయింది. మాట గరగర అంటాండాది. ఆస్పత్రిలో ఏందో ముక్క తీస్తారంట. నాకు బయమైతాండాది, నువ్వు రా," అంది. ఈయప్ప అంటే దాని మొగుడు. సంచీ సర్దుకున్నాను.

బాగేపల్లి

అనంతపురం నుంచి వెళ్ళే బస్సు రాష్ట్రం దాటగానే బోర్డులు మారిపోతాయి. ఆ అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి. చదవబోతే సగం అర్థమై సగం వెక్కిరిస్తాయి. బాగేపల్లిలో కాఫీకి దిగి, పరాయి రాష్ట్రం కదా అని, బస్సులో పక్కావిడ దగ్గర నేర్చుకున్న కన్నడం ప్రయోగించి "కాఫీ ఎష్టు?" అన్నాను. కొట్టతను గ్లాసు తొలుస్తూ, "మూడు రూపాయలమ్మా. కూచోండి, పాలు కాగతాండాయి," అన్నాడు.

బోర్డు కన్నడం, గోడ మీద రాతలు కన్నడం, పిల్లల చేతుల్లో పుస్తకాలు కన్నడం. నోళ్ళలో మాత్రం తెలుగు. ఎవరైనా ఆఫీసరు వస్తే కన్నడంలోకి, వెళ్ళగానే తెలుగులోకి, మనం చొక్కా మార్చుకున్నంత సులువుగా మారుస్తారు. నా మాట విని కొట్టతను, "మీరు సినిమాలో మాట్లాడినట్ల మాట్లాడతాండారే, యా ఊరు?" అని అడిగాడు. బాపట్ల అంటే తెలియలేదు. సముద్రం పక్కన అన్నాక సరేనన్నాడు. కాఫీ మాత్రం మనవైపు కన్నా బాగుంది. చిన్న గ్లాసే గానీ చిక్కన. ఇంకోటి తాగాను.

పేరేసంద్ర

బాగేపల్లిలో పక్కావిడ దిగిపోతే ఆ సీట్లోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. వేరుశెనగల వ్యాపారం చేసే కుటుంబమట. తాతల తాతలు వచ్చి స్థిరపడ్డారట, ఎక్కణ్ణించి వచ్చారో ఆయనకీ తెలియదు. పేరేసంద్ర దగ్గర బస్సు టైరు పంక్చరై అందరం దిగాల్సి వచ్చింది. రోడ్డు పక్క కొట్లలో జామకాయలు, చేమంతులు, గోనె మీద పోసిన చిక్కుడుకాయలు. ఆయన రెండు జామకాయలు కొని ఒకటి నాకిచ్చి, ఎవరికి బాగాలేదని నేరుగా అడిగాడు. బస్సులో ఒంటరిగా వెళ్ళే పెద్ద వయసు ఆడది ఆస్పత్రికి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళదని ఆయన లెక్క. నా మరిదికని చెప్పాను.

"ఏ దేవునికి మొక్కుకొంటిరమ్మా?"

"మేం క్రిస్టియన్లమండీ."

"అయితేనేమి? ఆ దేవునికే మొక్కుకోవచ్చు కదా. ఏమిస్తామంటిరి?"

"మా దేవుడితో ఇచ్చి పుచ్చుకోవడాలు ఉండవు. ఊరికే అడగడమే."

ఆయన జామకాయ కొరకడం ఆపి నన్ను జాలిగా చూశాడు. "ఏమీ ఇయ్యకుండా ఎట్లడిగేదమ్మా? సిగ్గుగా ఉండదా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మన చర్చిలో ఇలాంటి మాట ఎవరైనా అంటే పాస్టరుగారు ముప్పావుగంట ప్రసంగం చేస్తారు. నేను మాత్రం జామకాయ బాగుందని చెప్పి ఊరుకున్నాను.

చిక్కబళ్ళాపురం

చలికాలం పొద్దున చిక్కబళ్ళాపురంలో నంది కొండ కనిపించదు. మంచులో ఎక్కడో ఉందని అందరూ వేలుపెట్టి చూపిస్తారు, మనం నమ్మాలి. మన సముద్రపు గాలికి అలవాటైన ఒళ్ళు కదా, శాలువా మీద శాలువా కప్పినా పళ్ళు టకటకమన్నాయి. ఊరంతా పూల వాసన, ద్రాక్ష తోటల మాటలు.

ఆస్పత్రి బయట బెంచీ మీద సలోమి, దాని భర్త సామేలప్ప కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే సలోమి లేచి వచ్చి పట్టుకుంది. సామేలప్ప కూడా లేచి రెండు చేతులూ జోడించాడు, నోరు తెరవలేదు. పొద్దున్నే స్వరపేటిక మీంచి పరీక్షకి ముక్క తీశారు. ఫలితం చెప్పేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట, గుసగుస కూడా పనికిరాదట.

ఈ మనిషికి మాట్లాడొద్దనడం ఎంత పెద్ద సంగతో మీకు తెలియాలి. వాళ్ళ పల్లె చర్చిలో హార్మోనియం లేదు, డోలక్ లేదు. పాట ఎత్తుకునేది సామేలప్పే. ఆయన మొదటి మాట అందుకుంటే ఊరు కలుస్తుంది. అలాంటిది కొన్ని నెలలుగా గొంతు బొంగురుపోయింది. చలి అనుకున్నారు, పురుగులకి మల్బరీ ఆకు కోసేటప్పుడు దుమ్ము అనుకున్నారు, మిరియాల కషాయం తాగారు.

కుశలం అడిగే వంకతో మెడ చూశాను. దవడ కింద ఒక పక్క గట్టిగా తగిలింది. అలాంటివి చాలా మెడల్లో తడిమి చూశాను, నాకు నచ్చలేదు. పైకి మాత్రం "రిపోర్టు రానీ, చూద్దాం," అన్నాను. నర్సుకి వచ్చే మొదటి అబద్ధం అదే.

బస్సెక్కబోతూ ఇడ్లీ తిందామన్నాను. సలోమి తల అడ్డంగా ఊపింది. "నేను తిననక్కా. ఉపవాసముండాను. రిపోర్టు మంచిగా వచ్చేదాకా ముద్ద ముట్టనని దేవునికి చెప్పినాను. సందేళ కొంచెం గంజి తాగుతా, అంతే." నేనేదో అనబోయేలోపు సామేలప్ప లోపలికి వెళ్ళి మూడు ప్లేట్లు తెచ్చి, ఒకటి దాని ముందు పెట్టాడు. అది దాన్ని నా వైపు జరిపింది. ఆయన మళ్ళీ దాని వైపు జరిపాడు. చివరికి ఆ ఇడ్లీలు పొట్లం కట్టించుకుని బస్సులో నేనే తిన్నాను.

జంగమకోటె దాటాక

ఆ వైపు పల్లెల్లో గోడలకి ఆనించి పెద్ద పెద్ద వెదురు చాపలు కనిపిస్తాయి. వాటి మీద చుట్టలు చుట్టలుగా వెదురు బద్దలు అల్లి ఉంటాయి. చంద్రికలంటారు. పురుగులు పండాక, అంటే బాగా ఎదిగాక, వాటి మీదే గూళ్ళు కడతాయట. మనవైపు ఇంటిముందు చేపల వలలు ఆరేసినట్టే ఇవీ ఎండలో ఉంటాయి. అది తప్ప మనకీ వాళ్ళకీ పోలిక ఏమీ లేదు.

పురుగుల ఇల్లు మనుషుల ఇంటి కన్నా శుభ్రం. ఆ గదిలోకి వెళ్ళాలంటే కాళ్ళు చేతులు కడుక్కోవాలి, పౌడరు, సెంటు, పొగాకు ఏవీ ఉండకూడదు. నేను కాళ్ళు కడుక్కుని దర్జాగా గుమ్మం దాటబోయానో లేదో, పక్కింటి వెంకటలక్ష్మమ్మ అడ్డం వచ్చింది. ఆ పల్లెలో పెద్ద రైతు కుటుంబం వాళ్ళది. సలోమికి పేరుకి పక్కింటావిడ గానీ అన్నిటికీ ఆవిడే. ఆవిడ ముక్కు ఎగబీల్చి, "ఏందమ్మా అది, జండూ వాసనా? మోకాలికి పూసుకొంటిరా? యాడికి పోతాండారు లోపలికి? పురుగులన్నీ సస్తాయి!" అంది. వెళ్ళి స్నానం చేసి, చీర మార్చుకుని, సలోమి పాత చీరలో మళ్ళీ వచ్చాను. మోకాలు నొప్పి మాత్రం నాతోనే ఉంది.

లోపల మంచెల మీద వెదురు తట్టలు. మంచె కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, చీమలు ఎక్కకుండా. తట్టల నిండా వేలెడు పురుగులు ఆకు నములుతున్నాయి. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు పడకేస్తుంది. తినడం మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండి, పాత చర్మం విడుస్తుంది. దాన్ని ఇక్కడ జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా. నేను వెళ్ళేటప్పటికి నాలుగోది, ఆఖరుది, రాబోతోంది. జ్వరంలో ఉన్నప్పుడు ఆకు వెయ్యకూడదు, ముట్టుకోకూడదు. పైన సున్నప్పొడి చల్లి, గాలి వచ్చేట్టు వదిలెయ్యాలి. చలికాలంలో ఇది ఎక్కువసేపు పడుతుంది. పట్టు పెంచేవాళ్ళకి దొరికే సెలవు అదొక్కటే. పెళ్ళిళ్ళకి పోవాలన్నా, చుట్టాలని చూడాలన్నా, పురుగులకి జ్వరం వచ్చే రోజు చూసుకుంటారు.

రాత్రి భోజనానికి అనపకాయ కూర అని చెప్పారు. మనకి ఆనపకాయంటే సొరకాయ కదా, సరే అనుకున్నాను. తీరా చూస్తే చిక్కుడు గింజలు. సాయంత్రం అంతా నానబెట్టిన గింజల్ని వేళ్ళ మధ్య నొక్కి తొక్క ఊడదీసిన పప్పు. దాన్ని పితికిపప్పు అంటారు. ఆ పులుసులో రాగిముద్ద. నమలకుండా మింగాలని సలోమి నాకు నేర్పింది. నేను నమిలాను. ఎవరేం చేస్తారు?

సామేలప్ప మూడో కంచం పెట్టి, ముద్ద చేత్తో గుండ్రంగా చేసి, మధ్యలో గుంట చేసి పులుసు పోసి, సలోమి ముందు పెట్టాడు. అది కంచం తీసుకెళ్ళి ఆవుకి పెట్టి వచ్చింది. ఆయన చూస్తూ కూర్చున్నాడు. కోపం వస్తే అరవడానికి గొంతు లేదు. రాసి చూపించమని నేను పెన్ను ఇస్తే, కాసేపు పట్టుకుని ఆలోచించి తిరిగి ఇచ్చేశాడు. అప్పట్నుంచీ పూటపూటా ఇదే తంతు. ఆయన వడ్డించడం, ఇది ఆవుకి పెట్టడం. ఆ ఇంట్లో బాగా ఒళ్ళు చేసింది ఆవు ఒక్కటే.

ఆదివారం

వాళ్ళ చర్చి మన సండే స్కూలు గదంత ఉంటుంది. క్రిస్మస్ కాగితపు నక్షత్రం ఇంకా వేలాడుతోంది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద. వాక్యం తెలుగులో చదివారు, ప్రకటనలు కన్నడంలో చేశారు. కానుకల్లో చిల్లరతో పాటు రెండు కట్టల కొత్తిమీర, ఒక గుమ్మడికాయ వచ్చాయి. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలంపాట పాడారు. గుమ్మడికాయ ఇరవై రూపాయలకి వెంకటలక్ష్మమ్మ కొంది. ఆవిడ క్రిస్టియన్ కాదు, గుమ్మడికాయ కోసమే వచ్చి గుమ్మంలో నిలబడింది.

పాట ఎవరు ఎత్తుకోవాలో తెలియక కాసేపు అందరూ సామేలప్ప వైపు చూశారు. ఆయన నవ్వి చెయ్యి చూపించాడు, కానివ్వండన్నట్టు. ఒకావిడ ఎత్తుకుంది. ఎంత పైకి ఎత్తుకుందంటే రెండో చరణానికి ఆవిడే అందుకోలేకపోయింది. సామేలప్ప నేల మీద చేత్తో తాళం వేస్తూ, పెదవులు కూడా కదపకుండా, పాట అయ్యేదాకా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆ ముఖం చూడలేక నేను చూపు నక్షత్రం మీద పెట్టాను.

ఆ రోజు వాక్యం చింతపడొద్దని చెప్పేది. పక్షుల సంగతి, పొలంలో పూల సంగతి. నేను చిన్నప్పట్నుంచీ విన్నదే. నర్సులకి ఆ భాగం అంతగా రుచించదు. సెలైన్ ఎప్పుడు అయిపోతుందో అని బెంగపడే మనిషి ఒకరు వార్డులో లేకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. సలోమి మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుంటూ వింది. ఇంటికి వచ్చాక ప్రార్థనలో దేవుడికి ఒక్కొక్కటీ విడమర్చి చెప్పింది. రిపోర్టు రాసే చెయ్యి ఎలా రాయాలో, డాక్టరమ్మ ఏ మాట అనాలో, గొంతు ఏ పక్క మానాలో. కొత్తగా చేరిన నర్సుకి నేను డ్యూటీ అప్పగించినట్టే ఉంది. పేరేసంద్ర పెద్దాయన వింటే సంతోషించేవాడు.

చింతామణి

మర్నాడు పురుగులు జ్వరానికి కూర్చున్నాయి. సున్నం చల్లి, తలుపు దగ్గరగా వేసి, ముగ్గురం చింతామణి బయలుదేరాం. అక్కడ సుగుణమ్మ అనే పెద్దావిడ ఉంది. పాస్టరుగారి భార్య, ఆయన పోయాక కూడా ఆ ఇంట్లోనే ఉంటోంది. ఈ వైపు ఎవరికి కష్టం వచ్చినా ఆవిడ చేత ప్రార్థన చేయించుకుంటారు. సలోమి పెళ్ళికి పసుపుతాడుకి బదులు గొలుసు కట్టాలని పట్టుబట్టింది కూడా ఆవిడేనట.

చింతామణి పెద్ద సంత ఊరు. టమాటాల బుట్టలు దారికి రెండు పక్కలా. కిలో రెండు రూపాయలంటే నేను అబద్ధం అనుకుని రెండోసారి అడిగాను. అమ్మేవాడు, "తీసుకోమ్మా, మోసుకొని పోయే కూలి కూడా రాలే," అన్నాడు. బాపట్లకి టమాటాలు ఎలా తీసుకెళ్ళాలో తెలియక వేయించిన వేరుశెనగలు మాత్రం కొన్నాను. వాటిలో సగం సామేలప్ప తిన్నాడు. మింగేటప్పుడు నొప్పి పుడుతోందని కళ్ళ చివర ముడతల్లో తెలుస్తోంది, అయినా తిన్నాడు.

సుగుణమ్మ మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. మా చేతుల్లోనూ తలా గుప్పెడు పోసింది, ఒలవమని. సలోమి అంతా చెప్పింది. ఉపవాసం సంగతి కూడా చెప్పింది, కాస్త గర్వంగానే. సుగుణమ్మ సామేలప్ప తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, వీడు నీవాడు. చూసుకో," అంది. అంతే. ఆమేన్ కూడా అయిపోయింది. సలోమి ఇంకా కళ్ళు మూసుకునే ఉంది, మిగతా ప్రార్థన కోసం.

"అంతేనా అమ్మా?" అంది కళ్ళు తెరిచి.

"ఇంకేమి చెప్పల్ల? ఆయనకి తెలీదా? నువ్వు కూచో, అన్నం తిందువు."

"నేను తిననమ్మా. చెప్తిని కదా."

"సలోమీ, నేనూ ఉపవాసాలు చేసినదాన్నే. ఎవురికోసం చేస్తాండావు నువ్వు? దేవుని దగ్గర ఉండల్లనా, దేవుని చెయ్యి మెలిపెట్టల్లనా?"

సలోమి ముఖం కందిపోయింది. ఒలిచిన గింజలు చేటలో పోసి, చెప్పులు వేసుకుని, బస్టాండు వైపు నడిచింది. సామేలప్ప పెద్దావిడకి దండం పెట్టి దాని వెనకే వెళ్ళాడు. నేను మాత్రం ఉండి భోంచేసి వెళ్ళాను. వండినావిడని చిన్నబుచ్చడం నాకు ఇష్టం లేదు, పైగా వంకాయ కూర ఘుమఘుమలాడుతోంది. ఇద్దరూ బస్టాండులో నా కోసం కాచుకుని ఉన్నారు. "మొగుడు నీకుంటే తెలిసేది," అని ఊరు వచ్చేముందు బస్సులో సలోమి అంది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఆ మాటకి నొప్పి కలిగింది.

తట్టల దగ్గర

జ్వరం వదిలేటప్పుడు పురుగులన్నీ ఒకేసారి లేవవు. కొన్ని ముందే లేచి, కొత్త చర్మంతో, ఆకు కోసం తల అటూ ఇటూ తిప్పుతూ తిరుగుతాయి. మిగతావి ఇంకా తలెత్తుకుని నిద్రలోనే ఉంటాయి. ముందు లేచినవి ఎంత తిరిగినా ఆకు వెయ్యకూడదు. దాదాపు అన్నీ లేచేదాకా ఆగాలి. ముందే వేస్తే లేచినవి తిని పెరిగిపోతాయి, లేవనివి ఆకు కింద తేమలో నలిగిపోతాయి. అప్పుడు ఒకే తట్టలో రెండు రకాలు తయారై, పండడం ఒకరోజు కొన్ని, ఇంకోరోజు కొన్ని. పట్టు పెంచే ఇళ్ళల్లో చంటిపిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది.

మర్నాడు పొద్దున సామేలప్ప ఆకు కోయడానికి తోటలోకి వెళ్ళాడు. నేను ఎండలో కూర్చుని మోకాలికి కాపడం పెట్టుకుంటున్నాను. వెంకటలక్ష్మమ్మ పాలు పొయ్యడానికి వచ్చి, పురుగుల గదిలోకి తొంగి చూసి కేకేసింది.

"అయ్యో సలోమమ్మా! ఏం పని చేస్తివే? అప్పుడే సొప్పు ఏస్తివా?"

సొప్పంటే ఆకు. వెళ్ళి చూస్తే సగం తట్టల మీద పచ్చగా పరిచి ఉంది. సలోమి ఖాళీ బుట్ట పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఇన్నేళ్ళుగా పురుగులు పెంచినది, ఊళ్ళో కొత్త కోడళ్ళకి నేర్పేది, ఇది చేసిన పని.

"ఆకలికి తిరగతాండాయి వదినా," అంది మెల్లగా. "తల ఎత్తి ఎత్తి చూస్తాండాయి. చూడలేకపోతిని."

"ఆకలి వాటికా, నీకా?" అంది వెంకటలక్ష్మమ్మ. తిట్టినట్టుగానే అంది గానీ చెయ్యి మాత్రం సలోమి భుజం మీద వేసింది. నాకు అప్పటిదాకా కోపంగా ఉండేది ఈ ఉపవాసం మీద. ఆ పూట దాని ముఖం దగ్గరగా చూశాను. కళ్ళు లోతుకి పోయాయి, పెదవులు ఎండి పగిలాయి. నాకు జాలి వేసింది. నా చెల్లెలు, నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల.

సామేలప్ప ఆకు మోపుతో వచ్చాడు. తట్టలు చూశాడు. మోపు దించి, గుమ్మంలో చతికిలబడ్డాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతున్నాడు. శబ్దం రాకుండా, కళ్ళలోంచి నీళ్ళు కారేట్టు నవ్వుతున్నాడు. లేచి, సలోమి చేతిలో బుట్ట తీసుకుని, ఆకు మీదికి ఎక్కిన పురుగుల్ని ఆకుతో సహా ఎత్తి వేరే తట్టల్లోకి మార్చడం మొదలుపెట్టాడు. వెంకటలక్ష్మమ్మ కొంగు దోపుకుని కలిసింది. నేనూ కలిశాను, జండూ లేకుండా. మధ్యాహ్నం దాకా పట్టింది. పంట పోలేదు, పని మాత్రం రెండింతలైంది. ఆ పూట కూడా సామేలప్ప కంచం వడ్డించాడు, సలోమి కూడా ఎప్పటిలాగే తినలేదు. కానీ ఆవు దగ్గరికి తీసుకెళ్ళకుండా ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

మళ్ళీ చిక్కబళ్ళాపురం

ఫలితం చెప్పే రోజు వెంకటలక్ష్మమ్మ కుటుంబం పురుగుల పని చూసుకుంది. ఇక్కడ దాన్ని ముయ్యి అంటారు. ఈ రోజు నీ ఇంటి పనికి నేను, రేపు నా ఇంటి పనికి నువ్వు. మనవైపు ఊడ్పుల్లో ఇదివరకు ఉండేది, ఇప్పుడు లేదు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నేను నర్సునని తెలియగానే నా వైపు తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మొదటి వాక్యానికే నాకు అర్థమైంది. నేను ఊహించినదే. సలోమి కుర్చీ ముందుకి జరుపుకుని, కన్నడంలో, "నాకు చెప్పండమ్మా. ఆయన నా మొగుడు," అంది. ఆ పిల్ల కాస్త తడబడి, కన్నడంలోనే నిదానంగా చెప్పింది. కేన్సరు. ప్రాణం దక్కించుకునే అవకాశం బాగానే ఉంది, బెంగళూరు వెళ్ళి తొందరగా ఆపరేషన్ చేయించుకుంటే. కానీ స్వరపేటిక తీసెయ్యాలి. మాట ఉండదు.

పాట ఉండదని ఆమె అనలేదు. ఆమెకి తెలియదు కదా.

సామేలప్ప అంతా విన్నాడు. తర్వాత గొంతు మీద వేలు పెట్టుకుని, చెయ్యి తెరిచి మూసి, డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమెకి అర్థం కాలేదు. నేను చెప్పాను, అప్పటిదాకా మాట్లాడవచ్చా అని అడుగుతున్నాడని. "మాట్లాడండి," అంది ఆమె. "ఇంక దాచుకుని చేసేదేమీ లేదు."

బయట వరండాలోకి వచ్చాం. ఇన్ని రోజుల తర్వాత ఏం మాట్లాడతాడా అని నేను చూస్తున్నాను. ఆయన సలోమి వైపు తిరిగాడు. ఆ గొంతు బరువైన పెట్టెని నేల మీద ఈడ్చినట్టుంది.

"పద సలోమీ. తిందువు."

సలోమి కదల్లేదు. "ఇన్ని దినాలు కడుపు మాడ్చుకొని దేవుని అడిగితిని. ఆయప్ప ఇయ్యలే," అంది. ఏడుస్తూ కాదు, కోపంగా.

"నువ్వు పస్తుంటేనే ఇస్తాడా? అంత కసాయోడా ఆయప్ప?" మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఇచ్చినా ఆయప్ప మనోడే. ఇయ్యకపోయినా మనోడే. నాకు బయం లేదా అంటే, ఉండాది. అయినా నేను తింటాండాను కదా. పద."

సలోమి ఆయన ముఖం చూస్తూ చాలాసేపు నిలబడింది. ఇంక కొన్ని రోజులే వినబోయే గొంతు కదా, వింటున్నట్టుగా నిలబడింది. తర్వాత కొంగు భుజం మీంచి తిప్పి నడుముకి చుట్టుకుని, ముందు తనే నడిచింది.

బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో ముగ్గురం కూర్చున్నాం. ఇడ్లీ వచ్చింది. సలోమి కళ్ళు మూసుకుని, పెదవులు కదపకుండా, క్షణంసేపు తల వంచి, తినడం మొదలుపెట్టింది. మొదటి ముద్దకి కన్నీళ్ళు సాంబారులో పడ్డాయి. తుడుచుకోలేదు, తింటూనే ఉంది. రెండో ప్లేటు వచ్చింది. నా ప్లేట్లో వడ కూడా అడక్కుండా తీసుకుంది. తింటూ తింటూ, "మంచి దినం చూసుకొని కాదు, రేపే బెంగళూరికి పోదాము. పురుగుల్ని వెంకటలక్ష్మమ్మ వదిన చూసుకుంటాది. పంట ఎట్లొస్తే అట్లొస్తాది," అంది. ఆస్పత్రుల్లో నేను చాలామందికి చాలా వార్తలు చెప్పాను, ఒక్కసారీ నా కన్ను చెమర్చలేదు. ఆ హోటల్లో మాత్రం ఏడ్చాను. సాంబారు కారమని చెప్పాను, ఇద్దరూ నమ్మలేదు.

సామేలప్ప సర్వర్ని పిలిచి, ఆ గొంతుతో ఏదో అన్నాడు. సర్వరుకి అర్థం కాక వంగి మళ్ళీ అడిగాడు. ఆయన మళ్ళీ అన్నాడు, మళ్ళీ అర్థం కాలేదు. సలోమి నోట్లోది మింగి, తలెత్తి, హోటలంతా వినిపించేట్టు చెప్పింది.

"నాకొక దోసె ఇయ్యమంటాండాడప్పా. తీసకరా."